జారింది బండా, రోడ్డా? ఏఎస్ రావు నగర్ తొలి వాన నుంచి టైరు చరిత్ర దాకా

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న యాక్సిడెంట్‌తో మొదలుపెడతాను. పేపర్లో రాదు, టీవీలో రాదు, అంత చిన్నది.

మృగశిర కార్తె దాటి రెండు రోజులైంది. సాయంత్రం ఆరు గంటలు. ఈసీఐఎల్ చౌరస్తా నుంచి ఏఎస్ రావు నగర్ మెయిన్ రోడ్డు మీద రాధిక చౌరస్తా వైపు నడుచుకుంటూ వస్తున్నాను. ఆ ఏడాది తొలి వాన. వాన కూడా కాదు, తుంపర. రోడ్డు సరిగ్గా తడవనే లేదు. ఎదురుగా ఒక డెలివరీ అబ్బాయి స్కూటర్ మీద వచ్చి ఎడమ పక్క గల్లీలోకి తిరిగాడు. ఎవరూ అడ్డం రాలేదు, గుంత లేదు. బండి సర్రున జారింది. అబ్బాయి ఒక పక్క, బండి ఒక పక్క, బ్యాగులో ఉన్న బిర్యానీ ఇంకో పక్క.

నలుగురం పోయి లేపాం. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే, ఇంకేం కాలేదు. పక్కనున్న పెద్దాయన అన్నాడు, "కొంచెం మెల్లగా పోవచ్చు కదా తమ్ముడూ?" ఆ అబ్బాయి సగం ఏడుస్తూ, "అన్నా, నేను పాతిక మీదనే ఉన్న అన్నా" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా నమ్మలేదు.

ఇంటికొచ్చాక ఆ మాట వదల్లేదు. ఆ అబ్బాయి నిజమే చెప్పి ఉంటే? పాతిక స్పీడ్‌లో కూడా బండి స్కిడ్ అవుతుందా? అయితే తప్పు ఎవరిది? బండిదా, టైరుదా, రోడ్డుదా, నడిపేవాడిదా? ఈ ప్రశ్నకు దాదాపు మూడొందల ఏళ్ళ చరిత్ర ఉంది ఫ్రెండ్స్. అందులో మన మౌలాలి ఉంది, నిజాం బస్సులున్నాయి, నాసా కూడా ఉంది. చివర్లో మళ్ళీ ఆ అబ్బాయి దగ్గరికే వద్దాం. పాతిక మాట నిజమో అబద్ధమో లెక్కేసి చూద్దాం.

ముందు మన ఏరియా సంగతి. ఏఎస్ రావు అంటే అయ్యగారి సాంబశివరావు గారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. 1967లో ఈసీఐఎల్‌ను నిలబెట్టింది ఆయనే. ఆ కంపెనీ ఉద్యోగుల కోసం వచ్చిన కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. దేశంలో తయారైన తొలితరం కంప్యూటర్లు, మన అమ్మమ్మల ఇళ్ళల్లో ఉండే ఈసీ టీవీలు ఇక్కడి నుంచే వెళ్ళాయి. అంతకు ముందు ఈ చుట్టుపక్కలంతా ఏంటి? కాప్రా చెరువు, గుట్టలు, చెలకలు, మొరం దారులు. ఆ దారుల మీద ఎడ్ల బండ్లు.

ఎడ్ల బండి చక్రానికి చుట్టూ ఇనుప పట్టా ఉంటుంది. అది జారుతుందా అంటే జారినా ఎవరికీ పట్టింపు లేదు. ఎందుకంటే బండిని లాగేది చక్రం కాదు, ఎద్దు కాళ్ళు. చక్రం ఊరికే దొర్లుతుంది. ఈ తేడా చాలా ముఖ్యం. చక్రమే తోయాలి, చక్రమే ఆపాలి, చక్రమే తిప్పాలి అన్నప్పుడు మాత్రమే 'గ్రిప్' అనే సమస్య పుడుతుంది. అంటే ఇంజిన్ వచ్చాకే స్కిడ్ అనేది పెద్ద సమస్య అయింది.

మన ప్రాంతంలో మొదట వచ్చిన ఇంజిన్ బండి ఏంటి? రైలు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైన్ వచ్చింది. 1886కల్లా అది మౌలాలి, ఘట్‌కేసర్ మీదుగా వరంగల్ చేరింది. రైలు అంటే ఇనుప పట్టా మీద ఇనుప చక్రం. నున్నటి దాని మీద నున్నటిది. వాన పడితే ఇంజిన్ చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, రైలు కదలదు. మరి ఏం చేశారు?

ఇసుక పోశారు. అవును ఫ్రెండ్స్, ఇసుకే. రైలు ఇంజిన్‌కు ఇసుక పెట్టెలుంటాయి. డ్రైవర్ స్విచ్ నొక్కితే గొట్టం గుండా ఇసుక నేరుగా చక్రం ముందు పడుతుంది. వెంటనే పట్టు దొరుకుతుంది. ఆవిరి ఇంజిన్ రోజుల నుంచి ఇదే పద్ధతి. మౌలాలిలో డీజిల్ లోకో షెడ్ ఉంది కదా, అక్కడి ఇంజిన్లకూ ఆ ఇసుక పెట్టెలుంటాయి.

ఇప్పుడు మీకు డౌట్ రావాలి. రైలుకు ఇసుక పోస్తే పట్టు పెరుగుతుంది, అదే బైకు ఇసుక మీదికి వస్తే కింద పడుతుంది. ఒకే ఇసుక, రెండు ఫలితాలు. ఎందుకు?

కారణం బరువు, ఆ బరువు పడే జాగా. రైలు చక్రం ఒక్కోటి దాదాపు పది టన్నుల బరువు మోస్తుంది. అదంతా పట్టాను తాకేది ఒక చిన్న నాణెం అంత జాగాలో. ఆ ఒత్తిడికి ఇసుక గింజ పిండి పిండి అవుతుంది. ఆ పొడి నీటి పొరను చీల్చుకుని ఇనుమును పట్టుకుంటుంది. మీ స్కూటర్ టైరు రోడ్డును తాకే జాగా అరచెయ్యి కన్నా చిన్నదే, కానీ పైనుండే బరువు వంద కిలోల లెక్క. అక్కడి ఒత్తిడి రైలు చక్రంతో పోలిస్తే కొన్ని వేల రెట్లు తక్కువ. ఇసుక గింజ నలగదు. గుండ్రంగా అలాగే ఉండి, టైరుకీ రోడ్డుకీ మధ్య బేరింగ్ గోలీలాగా దొర్లుతుంది. టైరు రోడ్డును తాకనే తాకదు. అదన్నమాట సంగతి. స్కిడ్ అంటే చాలాసార్లు టైరుకూ రోడ్డుకూ మధ్యలో మూడోది ఏదో దూరడమే. అది ఇసుక కావచ్చు, నీళ్ళు కావచ్చు, ఆయిల్ కావచ్చు, పాచి కావచ్చు.

సరే, రైలు తర్వాత బస్సు. 1932 జూన్‌లో నిజాం సర్కారు రైల్వే శాఖే బస్సులు నడపడం మొదలుపెట్టింది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఈనాటి ఆర్టీసీకి మూలం అదే. ఒకే శాఖ, ఒక పక్క ఇనుము మీద ఇనుము, ఇంకో పక్క రోడ్డు మీద రబ్బరు. ఆ రోడ్డు కథ, రబ్బరు కథ రెండూ వేరువేరుగా మొదలై ఇక్కడ కలిశాయి. ముందు రోడ్డు చూద్దాం.

1816లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ రోడ్ల బాధ్యత జాన్ మెకాడమ్ అనే ఆయన తీసుకున్నాడు. ఆయన ఐడియా సింపుల్. పెద్ద బండరాళ్ళు వద్దు, చిన్న చిన్న కంకర పొరలుగా వేద్దాం, పైన బండ్లు తిరుగుతుంటే అదే అణిగి గట్టిపడుతుంది. ఇనుప చక్రాలు రాళ్ళను నలుపుతుంటే వచ్చే పొడి సందుల్లో కూరుకుని రోడ్డును బిగించేది. ప్రపంచమంతా, మన దేశంతో సహా, ఇదే పద్ధతి నేర్చుకుంది. నిన్నమొన్నటి దాకా మన ఊళ్ళల్లో చూసిన కంకర రోడ్డు ఆయన పుణ్యమే.

తర్వాత మోటారు కార్లు వచ్చాయి. రబ్బరు టైరు రాయిని నలపదు. పైగా స్పీడ్‌గా పోతూ సందుల్లోని పొడిని లేపేస్తుంది. రోడ్డును బిగించే పొడి గాల్లో కలిసిపోయి, కంకర లూజ్ అయింది. ఒక కొత్త బండి పాత రోడ్డును పాడుచేసిందన్నమాట. ఎడ్గర్ హూలీ అనే సర్వేయర్ 1901లో ఒక చోట తారు పీపా పగిలి రోడ్డు మీద ఒలికిందని, దాని మీద ఎవరో కొలిమి చిట్టెం పోస్తే అక్కడ దుమ్ము లేవడం లేదని గమనించాడు. 1902లో పేటెంట్ తీసుకున్నాడు. అదే టార్‌మాక్. మన తారు రోడ్డుకు అన్నలాంటిది.

దుమ్ము సమస్య పోయింది, కొత్త సమస్య వచ్చింది. తారు నున్నగా ఉంటుంది, తడిస్తే జారుతుంది. కంకర రోడ్డు మీద జారిపోని కార్లు తారు రోడ్డు మీద పక్కకు జారడం మొదలుపెట్టాయి.

ఇక రబ్బరు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం గాలి టైరు చేశాడు. ఆయనకు కావాల్సింది కుదుపు తగ్గడం, పట్టు గురించి ఆలోచన లేదు. తొలినాటి గాలి టైర్లు గుండు కొట్టించినట్టు నున్నగా ఉండేవి. తడి రోడ్ల మీద జారడం ఎక్కువై, కంపెనీలు టైరుకు తోలు తొడుగు వేసి ఇనుప మేకులు కొట్టాయి. 1908లో ఫైర్‌స్టోన్ కంపెనీ ఇంకో పని చేసింది. టైరు మీద గాడుల బదులు 'నాన్ స్కిడ్' అనే అక్షరాలనే అచ్చుపోసింది. బురదలో ఆ బండి పోతే వెనకాల 'నాన్ స్కిడ్, నాన్ స్కిడ్' అని ముద్ర పడుతూ పోయేది! యాడ్ కూడా అదే, డిజైన్ కూడా అదే.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. టైరు మీద గాడులు రోడ్డును గోళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుంటాయి అనుకుంటారు. పొడి తారు రోడ్డు మీద ఆ గాడులకు పెద్దగా పని లేదు. రేసింగ్ కార్ల టైర్లు చూడండి, ఎండ ఉంటే అసలు గాడులే ఉండవు. గాడి అనేది కాలువ. దాని పని నీళ్ళను బయటికి పంపడం. మరి పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? రబ్బరు మెత్తగా ఉండి, రోడ్డులోని రాతి మొనల చుట్టూ సర్దుకుంటుంది కాబట్టి. అంటే పట్టులో సగం పని టైరుది, సగం పని రాయిది.

ఇప్పుడు కాస్త లెక్క. భయపడకండి, ఒక్క నంబర్ చాలు. 1699లో ఫ్రాన్స్‌లో గియోమ్ అమోంటోన్ అనే ఆయన, తర్వాత 1785లో కూలూంబ్, రాపిడిని కొలిచి ఒక నియమం చెప్పారు. బరువు ఎంత పెరిగితే రాపిడి అంత పెరుగుతుంది. ఈ రెంటి నిష్పత్తినే ఇంటర్ ఫిజిక్స్‌లో మనం 'మ్యూ' అని చదువుకున్నాం. రబ్బరు ఈ నియమాన్ని అచ్చంగా పాటించదు, కానీ మన పనికి సరిపోతుంది. మంచి టైరు, పొడి తారు రోడ్డు అయితే మ్యూ సుమారు 0.7. తడి అయితే 0.4 దగ్గర. బురద పొర, ఇసుక లాంటివైతే 0.25, ఇంకా తక్కువ కూడా.

50 కిలోమీటర్ల స్పీడ్‌లో బ్రేక్ కొట్టారు అనుకోండి. మీరు బ్రేక్ నొక్కిన క్షణం నుంచి లెక్కేస్తే, మ్యూ 0.7 అయితే 14 మీటర్లలో ఆగుతారు. 0.4 అయితే 25 మీటర్లు. 0.25 అయితే 39 మీటర్లు, అంటే మూడు ఆర్టీసీ బస్సులు వరుసగా నిలబెట్టినంత. బండి అదే, బ్రేక్ అదే, మీరూ అదే. మారింది రోడ్డు.

ఇంకో విషయం. ఈ మ్యూ అనేది నెల జీతం లాంటిది. బ్రేక్‌కు ఖర్చు పెట్టాలన్నా, బండి తిప్పడానికి ఖర్చు పెట్టాలన్నా ఒకే పర్సు. టర్నింగ్‌లో బ్రేక్ కొడితే రెండు ఖర్చులు ఒకేసారి. పర్సు ఖాళీ అయిన క్షణం బండి జారుతుంది. ఒకసారి జారడం మొదలైతే రాపిడి ఇంకా తగ్గుతుంది. అందుకే టర్నింగ్‌కు ముందే బ్రేక్ వెయ్యి, టర్నింగ్‌లో కాదు అని పెద్దవాళ్ళు చెప్పేది.

అయితే చాలా కాలం ప్రపంచమంతా ఒకటే మాట. బండి జారిందా? నడిపేవాడిదే తప్పు. ఈ మాట మారింది రోడ్డును కొలవడం మొదలుపెట్టాకే. 1930లలో బ్రిటన్‌లోని రోడ్డు పరిశోధకులు సైడ్‌కార్ ఉన్న మోటార్‌సైకిల్ తీసుకుని, ఆ పక్క చక్రాన్ని కొంచెం ఏటవాలుగా బిగించి తడి రోడ్ల మీద తిప్పారు. ఏటవాలు చక్రాన్ని రోడ్డు పక్కకు ఎంత బలంగా నెడుతోందో కొలిస్తే, ఆ రోడ్డుకు పట్టు ఎంతుందో తెలిసిపోతుంది. తర్వాత లోలకం లాంటి చిన్న మిషన్ వచ్చింది. చివర రబ్బరు ముక్క ఉన్న చెయ్యి ఊగుతూ వచ్చి తడి రోడ్డును రాస్తుంది, అవతలికి ఎంత ఎత్తు లేస్తుందో చూస్తారు. ఎక్కువ లేస్తే రోడ్డు నున్నగా ఉన్నట్టు. ఆ పద్ధతి ఇప్పటికీ వాడుతున్నారు.

ఈ కొలతలతో తేలింది ఏంటంటే, ఒకే స్పీడ్, ఒకే టైరు ఉన్నా కొన్ని రోడ్ల మీదే బండ్లు ఎక్కువ జారుతున్నాయి. కారణం రాయి. రాయికి రెండు రకాల గరుకుతనం ఉంటుంది. ఒకటి కంటికి కనిపించేది, కంకర ముక్కల మధ్య ఎత్తుపల్లాలు. నీళ్ళు పోవడానికి ఇది కావాలి. రెండోది కంటికి కనపడనిది, రాయి మీద సాండ్‌పేపర్ లాంటి గరుకు. మిగిలిన సన్నటి నీటి పొరను గుచ్చుకుని రబ్బరును తాకడానికి ఇది కావాలి. వేల టైర్లు తిరిగేకొద్దీ ఈ రెండోది అరిగిపోతుంది. పాత గుడి మెట్లు, దర్గా మెట్లు పాదాలు రాసుకుని నున్నబడతాయి చూశారా, అదే. సున్నపురాయి తొందరగా నున్నబడుతుంది. మన ఇళ్ళల్లో తాండూరు బండలు, షాబాద్ బండలు సున్నపురాయే, తడి కాలితో నడిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. హైదరాబాద్ అదృష్టం ఏంటంటే మన కింద ఉన్నది గ్రానైట్. దాని కంకర అంత తొందరగా నున్నబడదు.

మరి అంత మంచి రాయి ఉండి కూడా ఎందుకు జారుతున్నాం? రాయి పైకి కనిపించట్లేదు కాబట్టి. ఏప్రిల్, మే ఎండలకు తారు కరిగి పైకి తేలుతుంది. నల్లగా మెరిసే మచ్చలు చూసే ఉంటారు. అక్కడ రాతి గరుకు మునిగిపోయింది. దాని మీద నెలల తరబడి ఇంజిన్ ఆయిల్ చుక్కలు, టైరు పొడి, దుమ్ము పేరుకుంటాయి. సెల్లార్ తవ్విన చోటు నుంచి టిప్పర్ చక్రాలకు అంటుకొచ్చే మట్టి, వాటర్ ట్యాంకర్ కార్చుకుంటూ పోయే నీళ్ళు, ఇవి అదనం. తొలి తుంపర పడగానే ఇదంతా కలిసి సబ్బు లాంటి పొర అవుతుంది. గంట సేపు గట్టి వాన కొడితే కొట్టుకుపోతుంది. కాబట్టి గుర్తుపెట్టుకోండి, భారీ వాన కన్నా ముందు పడే తొలి పది, పదిహేను నిమిషాల తుంపరే ఎక్కువ ప్రమాదం. వీటికి తోడు మ్యాన్‌హోల్ ఇనుప మూతలు, జీబ్రా క్రాసింగ్ రంగు, పాచి పట్టిన సిమెంట్ గల్లీలు.

"వానలో టైరు నీటి మీద తేలుతుందంట కదా?" అని కొందరు అడుగుతారు. అది ఇంకో రకం. నాసాలో వాల్టర్ హార్న్ బృందం విమానాలు తడి రన్‌వే మీద ఎందుకు ఆగట్లేదో చూసి, 1963లో ఒక సూత్రం ప్రచురించింది. టైరులో గాలి ఎన్ని పీఎస్‌ఐ ఉందో దాని వర్గమూలం తీసుకుని 9తో గుణించండి, నాట్స్‌లో వేగం వస్తుంది. 36 పీఎస్‌ఐ అయితే 54 నాట్స్, అంటే గంటకు 100 కిలోమీటర్లు. 25 అయితే 83 కిలోమీటర్లు. 16కి పడిపోతే 67 కిలోమీటర్లే. గాడులు అరిగిన టైరు, నిలిచిన నీళ్ళు ఉంటే ఆ స్పీడ్‌లో టైరు రోడ్డును వదిలి తేలుతుంది. గాలి తక్కువున్న టైరు వానలో ఎందుకు ప్రమాదమో తెలిసిందా? ఇది ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లకు అసలైన భయం. ఏఎస్ రావు నగర్ గల్లీలో పాతిక స్పీడ్ స్కూటర్‌కు ఇది కాదు, ముందు చెప్పిన సబ్బు పొరే కారణం.

బ్రేకుల సంగతి కూడా చూద్దాం. చక్రం లాక్ అయితే పట్టూ పోతుంది, బండి తిప్పే వీలూ పోతుంది. లాక్ అయ్యే క్షణం ముందు బ్రేక్ కొంచెం వదిలి మళ్ళీ పట్టుకోవాలి. సెకనులో ఎన్నోసార్లు. మనిషి వల్ల కాదు. 1950లలో విమానాల కోసం డన్‌లప్ కంపెనీ ఇలాంటి యంత్రం చేసింది. కారులోకి సరైన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ రావడానికి 1978 దాకా ఆగాల్సి వచ్చింది, బాష్ కంపెనీ మెర్సిడెస్ కోసం చేసింది. 1988లో బీఎండబ్ల్యూ మోటార్‌సైకిల్‌కు పెట్టింది. మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త టూవీలర్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకన్నా చిన్న బండ్లకు రెండు బ్రేకులు కలిసి పడే సీబీఎస్ చాలన్నారు. ఇప్పుడు గమనించండి. రోజుకు పది, పన్నెండు గంటలు రోడ్డు మీదుండే డెలివరీ అబ్బాయిల్లో ఎక్కువమంది నడిపేది ఆ చిన్న బండ్లే. ఇంకో మాట, ఏబీఎస్ కొత్తగా పట్టు పుట్టించదు. ఉన్న పట్టును వృథా కాకుండా వాడుతుంది. రోడ్డు దగ్గర లేనిది ఏబీఎస్ ఎక్కడి నుంచి తెస్తుంది?

మన నగరంలోనే రెండు పెద్ద ఉదాహరణలున్నాయి. 2019 నవంబర్ 23న బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ వంపులో ఒక కారు అదుపు తప్పి కిందికి పడింది. కింద రోడ్డు పక్కనున్న ఒక మహిళ ప్రాణం పోయింది. అక్కడి స్పీడ్ లిమిట్ 40. కారు వంద దాటిందని పోలీసులు చెప్పారు. వంపులో కావాల్సిన పట్టు స్పీడ్‌తో పాటు కాదు, స్పీడ్ వర్గంతో పెరుగుతుంది. 40 నుంచి 100కి పోతే ఆరు రెట్లకు పైగా పట్టు కావాలి. ఏ రోడ్డూ ఇవ్వలేదు. అది స్పీడ్ తప్పే. అయినా ఆ తర్వాత ఫ్లైఓవర్ మూసి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి, 2020 జనవరిలో తెరిచారు. అంటే రోడ్డు వైపు నుంచి చేయగలిగింది కూడా ఉందన్నమాట.

రెండోది 2021 సెప్టెంబర్ 10, వినాయక చవితి సాయంత్రం. హీరో సాయి ధరమ్ తేజ్ బైక్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటాక స్కిడ్ అయింది. సీసీటీవీ వీడియో మీ ఫోన్లలోకి కూడా వచ్చే ఉంటుంది. హెల్మెట్ ఉంది, బతికి బయటపడ్డాడు, 2023లో విరూపాక్షతో హిట్ కొట్టాడు. ఆ వారమంతా టీవీల్లో ఒకటే గొడవ. స్పీడ్ వల్లా, రోడ్డు మీది ఇసుక వల్లా? రెండు పక్షాలుగా చీలిపోయి కొట్టుకున్నారు. సూత్రం చూస్తే ఆ కొట్లాటకే అర్థం లేదు. లెక్కలో స్పీడూ ఉంది, మ్యూ కూడా ఉంది. ఒకటి నడిపేవాడి చేతిలో ఉంది, ఇంకోటి రోడ్డు చూసుకునేవాళ్ళ చేతిలో ఉంది. ఒకరి తప్పు ఉందని ఇంకొకరి తప్పు మాఫీ కాదు.

ఇక మన అబ్బాయి లెక్క. గల్లీ మలుపు, 15 మీటర్ల వ్యాసార్ధం అనుకుందాం. పాతిక స్పీడ్ అంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. తిరగడానికి కావాల్సిన మ్యూ 0.33. పొడి రోడ్డు మీద 0.7 ఉంటుంది, కాబట్టి హాయిగా తిరుగుతాడు. రోజూ అలాగే తిరిగి ఉంటాడు. ఆ సాయంత్రం తొలి తుంపర, మట్టి పొర. ఉన్నది 0.25 అనుకోండి. కావాల్సింది 0.33. పడతాడు. స్పీడ్ పాతికే. అబ్బాయి నిజం చెప్పి ఉండొచ్చు ఫ్రెండ్స్. నేను నమ్మలేదు, నలుగురిలో ఎవరూ నమ్మలేదు. అదే 15 స్పీడ్‌లో తిరిగి ఉంటే కావాల్సింది 0.12 మాత్రమే. పడేవాడు కాదు. కానీ పొడి రోడ్డుకూ తుంపర రోడ్డుకూ ఇంత తేడా ఉంటుందని అతనికి ఎవరు చెప్పారు? లైసెన్స్ టెస్టులో ఎనిమిది ఆకారం వేయించారు, అది పొడి నేల మీద.

మన రోడ్ ఇంజనీర్లకు ఇది తెలియక కాదు. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో వంపు డిజైన్‌కు పక్క పట్టు 0.15 మాత్రమే లెక్కేస్తారు, ఆగే దూరానికి 0.35 నుంచి 0.40. అంటే తడి రోడ్డును దృష్టిలో పెట్టుకునే కాగితం మీద రాసుకున్నారు. కాగితం మీద ఉన్నది గల్లీలోకి రావాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఏ అనే సెక్షన్ కలిపారు. ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసినందువల్ల, చూసుకోనందువల్ల ఎవరైనా చనిపోతే, వికలాంగులైతే, బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టర్‌కు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. మన చలానాల గురించి అందరికీ తెలుసు, ఈ సెక్షన్ గురించి ఎంతమందికి తెలుసు?

ఇదే నగరంలో కాట్నం గంగాధర తిలక్ గారు ఉన్నారు. రైల్వేలో రిటైరై, భార్య వెంకటేశ్వరి గారితో కలిసి పదేళ్ళకు పైగా రోడ్ల మీద గుంతలు పూడుస్తున్నారు. జనం ఆయన్ని రోడ్డు డాక్టర్ అంటారు. ఆయన చేసేది గొప్ప పని. కానీ పెన్షన్ డబ్బులతో ఒక పెద్దాయన చేయాల్సిన పనా అది?

సరే, మీ చేతిలో ఉన్నది చెప్పి ముగిస్తాను. తొలి తుంపర పడితే పది నిమిషాలు ఎక్కడైనా ఆగండి, టీ తాగండి. ఆగలేకపోతే మలుపుల్లో స్పీడ్ సగం చేయండి. బ్రేక్ మలుపుకు ముందే, రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా. ఇసుక మీదికి వచ్చేశారా? హ్యాండిల్ నిటారుగా, బ్రేక్ వదిలి, అలా సాగనివ్వండి. వారానికోసారి టైరులో గాలి చూడండి. టైరు గాడుల అడుగున చిన్న గట్టులా ఒక గుర్తు ఉంటుంది, రబ్బరు అరిగి దానితో సమానమైతే టైరు మార్చండి. కార్లకు ఆ లెక్క 1.6 మిల్లీమీటర్లు. రోడ్డు మీద మట్టి, ఇసుక కుప్ప కనిపిస్తే ఫొటో తీసి మున్సిపాలిటీకి పంపండి. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది.

చివరిగా ఒకటి. రేపు మీ ముందు ఎవరైనా జారి పడితే, ముందు లేపండి. తర్వాత కింద రోడ్డు చూడండి. "మెల్లగా పోవచ్చు కదా" అనే మాట ఆ తర్వాత. ఆ సాయంత్రం ఆ అబ్బాయికి నేను చెప్పాల్సిన మాట ఇదే, చెప్పలేకపోయాను. అందుకే మీకు చెప్తున్నాను.

ఉంటాను ఫ్రెండ్స్. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. హెల్మెట్ బకిల్ పెట్టుకోండి.